బాబాయి గది

మా అబ్బాయి ఒంగోల్లో స్థలం కొన్నాడు. పోయిన ఆదివారం ఇంజనీరు పంపిన ఎస్టిమేటు ఫోన్లో తెరిచి నా చేతికిచ్చి, "చూడమ్మా, ఎక్కడన్నా తగ్గించొచ్చేమో చెప్పు" అన్నాడు. కళ్లజోడు పెట్టుకున్నా ఆ అక్షరాలు నాకు ఆనలేదు. కోడలు పక్కన కూర్చుని ఒక్కో పద్దూ చదివింది. బోరు, పునాది, ఇసుక, ఇనుము, సిమెంటు, కూలి. అన్నిటికీ అడుగున 'అనుకోని ఖర్చులు' అని ఇంకో పద్దు ఉంది.

"ఇది తీసేయమందాం అత్తయ్యా. వీళ్లు ఊరికే వేస్తారు" అంది కోడలు.

"తీయొద్దమ్మా" అన్నాను.

ఎందుకని అడిగింది. పొయ్యి మీద పాలున్నాయని లేచి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

అప్పటినుంచీ మా నాన్న కట్టాలనుకున్న ఇల్లు, చివరికి ఆయన కట్టగలిగిన ఇల్లు, రెండూ నా కళ్లలో తిరుగుతున్నాయి. పిల్లలకు ఇవన్నీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. రాయడమైతే కొంచెం నయం అనిపించి ఇలా కూర్చున్నాను.

మాది మిరప, పత్తి పండే నల్లరేగడి ఊరు. మేం దూదేకులవాళ్లం. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన తమ్ముడు, మా బాబాయి, ఆయనకు కుడిచెయ్యి. ఊరి మోతుబరి రైతు ఒకాయన పశువుల కొట్టం పక్కన తాటాకు కప్పిన రెండంకణాల ఇల్లు మాకు అద్దెకిచ్చాడు. అందులో నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయి, నేను. ఒక అంకణం పనికి, ఒక అంకణం బతకడానికి.

నాన్న ఏకే విల్లు మీటితే వచ్చే టుంగు టుంగుమనే చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. తడిక సందుల్లోంచి పడే ఎండలో దూది నలుసులు తేలుతుండేవి. అన్నంలో దూది, మంచినీళ్లలో దూది, నాయనమ్మ జడలో దూది. మిరప కోతల కాలం వస్తే దానికి తోడు ఘాటు. పక్క కళ్లంలో కాయలు తిరగబోసినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు తుమ్మేవాళ్లం. బాబాయి తుమ్మితే కొట్టంలో గేదెలు తలెత్తి చూసేవి. నేను పడీపడీ నవ్వేదాన్ని. "నవ్వుతావేమే దొరసానీ" అని నన్ను ఎత్తి ఏకిన దూది కుప్పలోకి విసిరేవాడు. నాన్న అరిచేవాడు. ఆ దూది అంతా మళ్లీ ఏకాలి మరి.

అమ్మ కళ్లాల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. సాయంత్రం వచ్చి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. ఆ మంట తగ్గాకే పొయ్యి వెలిగించేది. జొన్నసంగటి, పండుమిరపకాయల పచ్చడి, కొత్తపట్నం నుంచి సైకిలు మీద వచ్చే ఎండు నెత్తళ్ల చేపలు. నెత్తళ్లు వేగుతున్న వాసన వస్తే నేనూ బాబాయీ పొయ్యి దగ్గర చేరి, అమ్మ అటు తిరగ్గానే మూకుడులోంచి తలా ఒకటి లాగేవాళ్లం. చేతులు కాలేవి. అమ్మకు తెలుసు. అటు తిరగడం కూడా తెలిసే తిరిగేదనుకుంటాను.

ఊరి చివర చిన్న స్థలం అమ్మకానికి వచ్చిందని తెలిసి నాన్న కొన్నాడు. చాలా ఏళ్లు దాచుకున్నదంతా దానికే అయిపోయింది. మూడు వైపులా పత్తిచేలు, ఒకవైపు బాట. రిజిస్టరు అయిన రోజు అందరం పోయి ఆ నేల మీద ఊరికే కూర్చుని వచ్చాం. నాయనమ్మ వేరుశనక్కాయలు వేయించి మూట కట్టుకొచ్చింది. తొక్కలు ఎక్కడ పడేయాలా అని నేను అటూ ఇటూ చూస్తే, "మన జాగానే, ఏడన్నా వెయ్" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

బాబాయికి పక్క ఊళ్లో సంబంధం అనుకున్నారు. పిల్ల తండ్రి పెద్దగా ఏమీ అడగలేదు. "మీ అద్దె కొంపలో మా పిల్ల ఎక్కడ నిలబడుద్ది? ఒక గది చూపియ్యండి చాలు" అన్నాడు. దాంతో ఇల్లు మాట ఇంక వాయిదా వేసేది కాకుండా పోయింది.

నాన్నకు రాయడం రాదు. లెక్కలు నోటితో వేసేవాడు. ఇల్లు లెక్క నోటికి లొంగలేదు. అందుకని నాయనమ్మ చింతపండు కొట్టినప్పుడు దాచిన గింజల బుట్ట తెచ్చుకున్నాడు. సాయంత్రం తిండ్లు కాగానే చాప మీద గింజలు పోసి, మన దగ్గరున్నది ఇంత అని పక్కకు తీసి, దాన్ని కుప్పలు కుప్పలుగా పంచేవాడు. మేమంతా చుట్టూ కూర్చునేవాళ్లం.

"ఇది రాయి. ఇది సున్నం, ఇసుక. ఇది కలప. ఇది కూలి" అన్నాడు మొదటిరోజు.

"మరి నీళ్లో?" అంది అమ్మ.

"ఊళ్లో బాయి ఉందిగా."

"ఆడనుంచి మోసేది నువ్వా నేనా? గోడలు తడపాలంటే బిందెలతో అయిద్దా? బండి మాట్టాడుకోవాల."

నాన్న కలప కుప్పలోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టాడు. నీళ్ల కుప్ప ఒకటి కొత్తగా పుట్టింది.

నాయనమ్మ ఆ కలప కుప్ప వంక చూసి, "ఇన్ని తలుపులెందుకే? వంటింటికి తడిక కడితే చాలదూ?" అంది.

"వంటింటికి తడికే కట్టు అత్తా. అసలు తలుపే వద్దు. నీళ్లు పోసుకునే గదికి మాత్రం తలుపుండాల. నేనడిగేది అదొక్కటే."

అమ్మ రోజూ తెల్లవారకముందే లేచి, కొట్టం గోడ పక్కన రెండు కర్రలకు చీర కట్టుకుని, ఆ చీర చాటున నీళ్లు పోసుకునేది. పాలేరు వచ్చేలోగా అయిపోవాలి. జ్వరం వచ్చినా, చలైనా అంతే. నాయనమ్మ తన చేత్తోనే గింజలు కొన్ని తీసి కలప కుప్పలో తిరిగి వేసింది.

నాకు ఆ ఆట బాగా నచ్చింది. ఒకరోజు వాళ్లు వాదించుకుంటుంటే బుట్టలో మిగిలిన గింజలన్నీ తెచ్చి అన్ని కుప్పల మీదా సమానంగా పోశాను. "ఇప్పుడు సరిపోయినయ్యిగా?" అన్నాను. ముందు బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. నాన్న నవ్వాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నా, దీన్ని తీసుకుపోయి బ్యాంకులో కూచోబెట్టు. ఊరందరికీ మేడలు లేస్తయ్" అన్నాడు బాబాయి. లెక్క చెడిపోయి మళ్లీ మొదటినుంచి వేయాల్సి వచ్చినా ఆ పూట ఎవరూ నన్ను తిట్టలేదు.

తర్వాత స్థలం మీద బూడిదతో గీతలు గీశారు. ఇది నడవ గది, ఇది నాన్నా అమ్మా నేను పడుకునే గది, ఇది నాయనమ్మకు గోడవారగా మంచం వేసుకునే చోటు, ఇది బాబాయి గది. దూది పనికి దూరంగా పాక. "పిల్ల ఊపిరితిత్తుల్లోకి ఈ దుమ్ము పోకూడదు" అన్నాడు నాన్న. ఆయన అప్పటికే మెట్లెక్కితే దగ్గేవాడు. నేను ఆ గీతల మధ్య తలుపులున్న చోటల్లా కిర్రుమని నోటితో శబ్దం చేస్తూ తిరిగేదాన్ని. వాళ్లు అటు పోగానే కాలితో గీత చెరిపి నా గది పెద్దది చేసుకున్నాను. బాబాయి వచ్చి చూసి, "అదేందే, నా గదిలో మంచం పట్టేట్టు లేదు. నన్నూ మీ పిన్నినీ నిలువునా పడుకోమంటావా?" అన్నాడు. ఇంకా పెళ్లికాని పిల్లను పిన్ని అన్నందుకు నాయనమ్మ ఆయన వీపున ఒకటి చరిచింది.

మేస్త్రీ వచ్చిన రోజున ఈ సంబరం తగ్గిపోయింది. పొన్నూరు వైపు నుంచి వచ్చి మా ఊళ్లో ఉండిపోయిన మనిషి. వేసవి మొదలైంది. నేల అప్పుడే నెర్రెలిచ్చింది. ఆయన వంగి ఒక నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది.

"చూశావుగా సాయిబూ. వానొస్తే ఈ నేల పొంగుద్ది, ఎండొస్తే ఇట్టా చీలుద్ది. గట్టినేల తగిలేదాకా తవ్వి రాయి నింపుకుంటా రావాల. సగం ఇల్లు భూమిలోనే కట్టాల్సొచ్చిద్ది."

"ఎంత లోతు?"

మేస్త్రీ తన గడ్డం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

ఆ సాయంత్రం నాన్న గింజలు పోశాడు. రాళ్ల కుప్ప పెంచుకుంటూ పోతే సున్నం కుప్ప కరిగింది, కలప కుప్ప కరిగింది, కూలి కుప్ప సగమైంది. అమ్మ లేచి గిన్నెలు తోముకోవడానికి పోయింది. నాన్న ఆ గింజల వంక చూస్తూ, "ఇంకో రెండేళ్లు ఆగుదాం" అన్నాడు.

"రెండేళ్లు వాళ్లు ఆగుతారా అన్నా?" అన్నాడు బాబాయి. పెళ్లివారి సంగతి. మళ్లీ తనే, "రాయి నేను తెస్తా" అన్నాడు.

పిడుగురాళ్ల దగ్గర ఒక క్వారీలో ఆయన స్నేహితుడు పనిచేసేవాడు. ఈ వేసవంతా అక్కడ పనిచేస్తే కూలి వస్తుంది, సున్నం బట్టీకి పనికిరాని రాయి పనివాళ్లకు చవగ్గా ఇస్తారు, ఊరి వైపు వచ్చే ట్రాక్టరులో వేసి పంపొచ్చు. ఆయన ముందే అన్నీ కనుక్కుని ఉన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"రాళ్లపని నీకెందుకురా చిన్నోడా? దూది పట్టిన చేతులు నీవి."

"దూది మీద ఇల్లు నిలబడదు గదమ్మా" అన్నాడు. అది పెద్ద మాటలా అనలేదు. నాయనమ్మ తన చేతులు పట్టుకుని తిప్పి చూస్తుంటే సిగ్గుపడుతూ అన్నాడు.

నాయనమ్మ రెండుమూడు రోజులు అలిగి, చివరికి తనే పచ్చడి జాడీ కట్టి ఇచ్చింది. మూత మీద గుడ్డ కట్టి, ముడి మీద ముడి వేసింది. బాబాయి బస్సెక్కేటప్పుడు నేను ఏడవలేదు. రాళ్లు వస్తాయన్న సంతోషంలో ఉన్నాను.

రాళ్లు వచ్చాయి. మొదటి ట్రాక్టరు వచ్చినప్పుడు ఊళ్లో పిల్లలందరం దాని వెనక పరిగెత్తాం. డ్రైవరు బాబాయి ఈడువాడే. రాళ్లు దించాక నాయనమ్మ అతనికి చెంబుతో మజ్జిగ ఇచ్చి, "మావాడు తింటున్నాడా? ఎండలో తలకేమన్నా కట్టుకుంటున్నాడా?" అని అడిగింది. "మీవాడికేంది పెద్దమ్మా, ఆ పచ్చడి మాకందరికీ పెట్టి అలవాటు చేశాడు. అయిపోయింది, ఇంకో జాడీ ఇమ్మన్నాడు" అన్నాడు డ్రైవరు. నాయనమ్మ ఆ రోజంతా ఆ మాట కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంది.

బాబాయి అప్పుడప్పుడూ ఒకపూట వచ్చి పోయేవాడు. ఒళ్లంతా తెల్లదుమ్ము. తలంటుకున్నా కనురెప్పల్లో మిగిలేది. అరిచేతులు పగిలి గట్టిపడ్డాయి. నాయనమ్మ ఆముదం కాచి రాసేది. ఆయన నాకు బట్టీల సంగతులు చెప్పేవాడు. రాయి ఎర్రగా కాలుతుందట, దాని మీద నీళ్లు పోస్తే బుసకొట్టి పగిలి తెల్లని పిండి అవుతుందట. "మన గోడలకు వేసే సున్నం అట్టాగే పుట్టిద్ది" అనేవాడు. వెళ్లేటప్పుడు స్థలం దగ్గరికి పోయి కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూసేవాడు. మేస్త్రీ మనుషులు పునాది గాడి తవ్వడం మొదలుపెట్టారు. తన గది గాడిలోకి దిగి నిలబడి, తల మాత్రం పైకి పెట్టి, "వదినా, కాపీ ఇయ్యి, నా గదిలోనే తాగుతా" అని వేళాకోళం ఆడాడు ఒకసారి. అమ్మ ఖాళీ గ్లాసు అందించింది. ఆయన తాగినట్టు నటించి చప్పరించాడు.

అదే ఆయన్ని నేను చివరిసారి చూడటం.

తొలకరికి ముందు, మధ్యాహ్నం వేళ ట్రాక్టరు చప్పుడు వినిపించింది. నాయనమ్మ ఎప్పటిలాగే చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. రెండో చేతిలో కొత్త జాడీ. ట్రాక్టరు వెనక ట్రక్కు ఖాళీగా ఉంది. డ్రైవరు దిగాడు గానీ మా దగ్గరికి రాలేదు. చక్రం పక్కనే నిలబడి, "పెద్దాయన ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు. రాళ్లేవి నాయనా?" అంది నాయనమ్మ.

అతను తల వంచుకున్నాడు. లోపల విల్లు చప్పుడు ఆగింది. నాన్న చేతుల నిండా దూదితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డ్రైవరు ఆయన్ని పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పాడు. నాన్న ఉన్నచోటే కూలబడ్డాడు. క్వారీలో చరియ విరిగిపడిందని, దాని కింద పడిన ముగ్గురిలో బాబాయి ఒకడని తర్వాత పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే తెలిసింది. నాయనమ్మకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మజ్జిగ చెంబు జాగ్రత్తగా నేల మీద పెట్టి, జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఖాళీ ట్రక్కులోనే నాన్న, ఊళ్లో నలుగురు మగవాళ్లు వెళ్లారు.

బాబాయిని తెచ్చినప్పుడు నన్ను పక్కింటికి పంపేశారు. ఆ ఇంటావిడ పెరుగన్నం కలిపి పెట్టింది. మా ఇంటినుంచి ఏడుపులు వినపడుతుంటే ఆమె గట్టిగా నాతో ఏవేవో మాట్లాడుతూనే ఉంది. క్వారీవాళ్లు ఇచ్చింది ఖర్చులకూ నలభయ్యోరోజు చదివించే ఫాతెహాకూ సరిపోయింది. ఆ రోజు పిల్ల తండ్రి వచ్చాడు. భోజనానికి కూర్చోలేదు. నాన్న చెయ్యి పట్టుకుని, "నేనట్టా అడక్కుండా ఉండాల్సింది" అన్నాడు. నాన్న ఆయన్నే ఓదార్చి పంపాడు. ఆ పిల్లకు తర్వాత గుంటూరు వైపు ఎక్కడో పెళ్లయింది.

వానలు పడ్డాయి. పునాది గాళ్లన్నీ నీళ్లతో నిండిపోయాయి. అంచులు విరిగి నల్లటి బురద లోపల పడింది. కప్పలు చేరాయి. రాళ్ల కుప్ప చుట్టూ గడ్డి మొలిచింది. ఇంట్లో ఇల్లు మాట ఎవరూ ఎత్తలేదు. నాన్న పని మాత్రం చేసేవాడు. పక్కన కుట్టే మనిషి లేక ఒక పరుపు రెండురోజులు పట్టేది. నాయనమ్మ పచ్చడి పట్టడం మానేసింది. ఆ యేడు మిరపకాయలు ఎర్రబడినప్పుడు అమ్మే పట్టింది. ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం.

మళ్లీ కోతలు అయ్యాక, కళ్లానికి ప్రహరీ కట్టుకుంటున్న ఒక రైతు నాన్నను ఆ రాళ్లు అడిగాడు. నాన్న ఇస్తానన్నాడు. స్థలానికి కూడా బేరం వస్తే చూడమన్నాడు. ఈ సంగతి అమ్మకు చెప్పాడు, నాయనమ్మకు చెప్పలేదు. మర్నాడు పొద్దున రెండెద్దుల బండితో ఆ రైతు స్వయంగా వచ్చాడు. నాన్న, అమ్మ, నేను అక్కడున్నాం. మొదటి రాయి ఎత్తారో లేదో, పత్తిచేలకు అడ్డంపడి నాయనమ్మ వస్తూ కనిపించింది. ఎవరు చెప్పారో తెలియదు. ఆమె అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా రాళ్లకుప్ప ఎక్కి పైన కూర్చుంది.

"దిగమ్మా" అన్నాడు నాన్న. "బేరం అయిపోయింది. మాటిచ్చా."

"నువ్విచ్చిన మాట నాకు తెలవదు."

"వీటిని చూడలేకపోతన్నానమ్మా. ఈ బాటన పోవాలంటే కాళ్లు రావట్లా. పోనీ. మన కళ్ల ముందునుంచి పోనీ."

"నేను చూడగలుగుతన్నానంట్రా?" నాయనమ్మ గొంతు పెద్దది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది. "అయినా రోజూ వచ్చి చూసిపోతన్నా. వాడు ఎత్తినయ్యి ఇవి. వాడి చేతులు తగిలినయ్యి ఇంకేమున్నయ్యిరా మన దగ్గర? ఎవరి కళ్లం గోడలోకో పోతే నేను దేన్ని చూసుకోవాల?"

రైతు తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎత్తిన ఆ రాయిని ఎక్కడిది అక్కడ పెట్టించి, "బండి తిప్పరా" అన్నాడు బండి తోలే మనిషితో. నాన్న వైపు తిరిగి, "నాకు వేరే రాయి దొరక్కపోదులే సాయిబూ. అమ్మను ఇంటికి తీసుకుపో" అని వెళ్లిపోయాడు.

నాన్న వెళ్లి కుప్ప మొదట్లో, నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. బాబాయి పోయినప్పటినుంచీ ఆయన ఏడవగా నేను చూడలేదు. అప్పుడు ఏడ్చాడు. దగ్గు తెర మీద తెర వచ్చినా ఆపుకోలేకపోయాడు. నాయనమ్మ పైనుంచి ఆయన తల మీద చెయ్యి వేసి, చేలవైపు చూస్తూ కూర్చుంది.

మేస్త్రీని మళ్లీ పిలిచారు. ఆయన గాళ్లన్నీ చూసి, పూడిన చోట మళ్లీ తవ్వాలని, మిగిలినదాంతో రెండు గదులు లేపుకోవచ్చని చెప్పాడు. "మూడోది వదిలెయ్ సాయిబూ. ఆ రాయి ఇటు వేస్తే గోడలు కూడా ఇంకాస్త పైకొస్తయ్" అన్నాడు.

"పునాది మొత్తానికీ పడాల" అన్నాడు నాన్న. "చిన్నోడి గదికి కూడా."

"గోడలు లేపడానికి లేదు గదా. ఉత్త పునాది ఎవరికి?"

నాయనమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉంది. నీళ్ల కుండ దగ్గర నిలబడిన అమ్మ అంది. "వేయండి మేస్త్రీ గారూ. నేనడిగిన తలుపు వద్దు. దానికి పెట్టుకున్నది ఈ గదిలో వేయండి."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కుండలోకి చూస్తూ నీళ్లు ముంచుకుంది.

ఆరంభం రోజున మసీదు పెద్దాయన వచ్చి ఫాతెహా చదివాడు, మేస్త్రీ తన పద్ధతిలో కొబ్బరికాయ కొట్టాడు. అందరికీ చక్కెర పంచాం. మొదటి రాయి పెట్టమని నాన్న నాయనమ్మను అడిగాడు. ఆమె ఒక్కతే ఎత్తలేకపోతే నేనూ ఒక చెయ్యి వేశాను. గానుగలో తిప్పిన సున్నం వాసన, తడి రాయి వాసన. ఊరి బావి నుంచి బండి మీద పీపాలతో నీళ్లు తెచ్చి అమ్మా నేనూ పొద్దునా సాయంత్రం పునాదికి పోసేవాళ్లం. రాయి నీళ్లు పీల్చుకునే చిన్న చప్పుడు వినిపించేది.

రెండు గదులు లేచాయి. పైన పెంకు వేశాం. వెనక తాటాకు వంటిల్లు, పక్కన తడికలతో నీళ్లు పోసుకునే చోటు. బాబాయి గది నేల ఎత్తుకు వచ్చి ఆగింది. మట్టి నింపి గట్టిగా దిమ్మిస కొట్టి అలికారు. అటు పెరట్లోకి నాలుగు పలకల అరుగులా ఉండిపోయింది. తలుపు రావాల్సిన చోట మేస్త్రీ ఒక మెట్టు పెట్టి వెళ్లాడు.

నాన్న తన విల్లు ఆ అరుగు మీదికి మార్చాడు. పాక కట్టడం కుదరలేదు. ఆరుబయట కనుక దుమ్ము గాలికి పోయేది, దగ్గు కొంచెం నెమ్మదించింది. ఇంటికి వచ్చిన మూడో యేడో నాలుగో యేడో, పెళ్లిళ్ల పరుపులు బాగా వచ్చినప్పుడు, నాన్న ఎవరికీ చెప్పకుండా వడ్రంగి చేత వేపచెక్క తలుపు ఒకటి చేయించి తెచ్చి తడిక చోట బిగించాడు. అమ్మ ఆ రోజు నడి మధ్యాహ్నం, ఎండలో, తలుపేసుకుని నీళ్లు పోసుకుంది. ఎంతసేపటికీ రాలేదు. నాయనమ్మ కంగారుపడి పిలిచింది. "వస్తన్నా అత్తా, తొందరేముంది" అంది అమ్మ లోపలినుంచి. అమ్మ నోట తొందరేముంది అన్న మాట నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు అవేవీ లేవు. మిల్లు పరుపులు వచ్చి నాన్న విల్లు గోడకెక్కింది. చివరి రోజుల్లో ఆయన నా దగ్గరే ఉన్నాడు. అమ్మ ఆయన వెనకే పోయింది. బాట రోడ్డయింది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇల్లు పోయింది. పత్తిచేలల్లో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు లేచాయి. బస్సులో అటు పోయినప్పుడు మా స్థలం ఏ స్తంభం దగ్గర ఉండేదో పోల్చుకోలేను. ఇల్లు పోయిందన్న బాధ కన్నా పోల్చుకోలేకపోతున్నానన్న బాధే ఎక్కువ.

నాయనమ్మ పోయింది మాత్రం ఆ ఇంట్లోనే. అప్పటికి నాకు పెళ్లయి పెద్దవాడు చంకలో ఉన్నాడు. కబురందుకుని వచ్చాను. ఆడవాళ్ల ఆఖరిచూపుకి ఆమెను బాబాయి గదిలో పెడదామన్నాడు నాన్న. మేం ఆ అరుగును ఎప్పుడూ బాబాయి గది అనే అనేవాళ్లం. ఆమెను ఉంచిన జనాజా ఎత్తిన నలుగురూ దగ్గరదారి కదా అని పెరటివైపు నుంచి అరుగు మీదికి ఎక్కబోయారు. మోకాలెత్తు కూడా లేదు.

"అటు కాదు" అన్నాడు నాన్న.

వాళ్లు ఆగారు. ఆయన కళ్లు తుడుచుకుంటూ మెట్టు దగ్గరికి పోయి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. "మా అమ్మ ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆ గోడ దాటి ఎక్కలా. ఇటు, గుమ్మంలోంచి తీసుకురండి."

వాళ్లు చుట్టూ తిరిగి వచ్చారు. అక్కడ గోడ లేదు, ద్వారబంధం లేదు, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా ముందు మోస్తున్న పొడుగాటి మనిషి మెట్టు మీద కాలు పెట్టి, తల కొంచెం వంచి, లోపలికి వచ్చాడు.